సీసా నీరాలో మడ్డి: పారబోసే ముందు పరిశీలించవలసిన అంశాలు

నీరాను సీసాలలో నింపి అమ్మే ప్రయత్నం ఎక్కడ మొదలైనా కొద్ది రోజులలోనే ఒక ఫిర్యాదు వినిపిస్తుంది. నింపినప్పుడు తేటగా ఉన్న సీసా అడుగున మడ్డి చేరింది అన్నదే ఆ ఫిర్యాదు. కొనుగోలుదారు సీసాలను తిప్పి పంపుతాడు. విస్తరణ సిబ్బంది పరిశుభ్రత పాటించమని సలహా ఇస్తారు. గీత కార్మికుడు ఆ విడత మొత్తాన్ని పారబోస్తాడు. మడ్డి ఏమిటో, ఎక్కడినుండి వచ్చిందో ఎవరూ అడగరు. అందువలన తరువాతి విడతలోనూ అదే మడ్డి చేరుతుంది. సీసా అడుగు మడ్డిని చూచి సీసాను తిరస్కరించడం కాక, ఆ మడ్డిని పరీక్షించి కారణం తెలుసుకొనే పద్ధతిని గ్రామస్థాయిలో నేర్పడం మన విస్తరణ కార్యక్రమాలలో భాగం కావలెనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

కోడూరు నేపథ్యం

కృష్ణా నది సముద్రంలో కలిసే హంసలదీవి ఉన్న కోడూరు మండలంలో, దివిసీమ అంతటా, తాటిచెట్టు పొలం గట్టున, కాలువ ఒడ్డున, ఇసుక మేటలపై కనిపించే చెట్టు. ఉప్పు తగిలిన నేలను, సముద్రపు గాలిని తట్టుకొని నిలుస్తుంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన అనుభవం గల ఈ సీమలో అటువంటి చెట్టు విలువను వేరుగా చెప్పనవసరం లేదు. చలికాలం చివరినుండి వేసవి చివరివరకు సాగే గీత, పొలం లేని కుటుంబాలకు ఆధారం. కల్లుకు బదులు నీరాను అమ్మితే పానీయం గౌరవం, గీత కార్మికుని గౌరవం రెండూ పెరుగుతాయన్న ఆశ చాలాకాలంగా ఉన్నది. 2023లో హైదరాబాదు నెక్లెస్ రోడ్డులో ప్రారంభమైన నీరా కేఫ్ ఆ ఆశకు పట్టణంలో ఒక రూపం ఇచ్చింది.

అయితే తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే తాగినట్లు అనుకొనే లోకం మనది. నీరా సీసాలో కొంచెం మడ్డి కనబడితే చాలు, పులిసిందనో కల్తీ చేశారనో అనుమానం పుడుతుంది. ఆ అనుమానం కొన్నిసార్లు నిజం, చాలాసార్లు కాదు. నిజమైనప్పుడు అది పిల్లలు తాగే పానీయంలో మద్యం చేరిన విషయం. పగిలే సీసా చేతిని గాయపరచగల విషయం. పులిసినది నీరా కాదు, కల్లు గనుక ఎక్సైజ్ చట్టం పరిధిలోకి వచ్చే విషయం. నిజం కానప్పుడు అది రోజుకు రెండుసార్లు ప్రాణానికి తెగించి చెట్టెక్కిన మనిషి శ్రమను అన్యాయంగా మురుగుకాలువలో కలిపే విషయం. ఈ రెండింటినీ వేరుచేసి చూపలేని విస్తరణ సలహా వినియోగదారునికీ ఉపయోగపడదు, ఉత్పత్తిదారునికీ ఉపయోగపడదు.

బీరు పరిశ్రమ నేర్పే పాఠం

మడ్డిని చదివే విద్య కొత్తది కాదు. 1680లో లీవెన్‌హుక్ తన సూక్ష్మదర్శినితో బీరులోని ఈస్టు కణాలను చూచాడు. అవి ప్రాణమున్న జీవులనీ, పులియడానికి అవే కారణమనీ 1837 ప్రాంతంలో కాన్యార్ లతూర్, ష్వాన్ వేర్వేరుగా చెప్పారు. బీరు చెడిపోవడానికి గల కారణాలపై పాశ్చర్ గ్రంథం 1876లో వెలువడింది. చెడిన బీరు అడుగున చేరినదానిని సూక్ష్మదర్శిని కింద పరిశీలించి ఏ జీవి వలన ఏ దోషం వచ్చిందో నిర్ణయించడం ఆయన పద్ధతి. అంతకు ముందు 1516లో బవేరియాలో చేసిన ప్రసిద్ధ బీరు శాసనం నీరు, బార్లీ, హాప్స్ మాత్రమే వాడవలెనని చెప్పింది. ఈస్టు ప్రస్తావన అందులో లేదు. అడుగున చేరే మడ్డియే అసలు కార్యకర్త అని అప్పటికి ఎవరికీ తెలియదు.

ఇళ్లలో బీరు తయారుచేసుకొనడం చట్టసమ్మతమైన దేశాలలో, సీసాలో అనుకోని మడ్డి చేరితే తయారీదారు మొదట ఒక ప్రశ్న వేసుకొంటాడు: ఈ పద్ధతిలో ఎంత మడ్డి సహజం? సీసాలోనే వాయువు పుట్టేటట్లు చేసే బీరులో పలుచని ఈస్టు పొర తప్పదు. జర్మనీ గోధుమ బీరులో ఆ పొరను కలిపి తాగడమే ఆచారం. చల్లబరచినప్పుడు మసకబారి వేడెక్కినప్పుడు తేటబడితే అది మాంసకృత్తులు, టానిన్లు కలిసిన మసక. రోజురోజుకూ పొర మందమై, మూత తీసినప్పుడు నురుగు పొంగితే అది ఆగని పులుపు లేదా బయటి జీవుల ప్రవేశం. సహజమైన మడ్డికీ అనుకోని మడ్డికీ మధ్య ఈ భేదం మన నీరా శిక్షణలలో వినిపించదు.

నీరాకూ బీరుకూ ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. సీసాలో వాయువు పుట్టించడానికి బీరు తయారీదారు లీటరుకు సుమారు 6 నుండి 7 గ్రాముల చక్కెర మాత్రమే చేరుస్తాడు. తాటి నీరాలో లీటరుకు 100 నుండి 140 గ్రాముల చక్కెర సహజంగానే ఉంటుంది. అనగా ఇరవై రెట్లకు దగ్గరగా. 12 శాతం చక్కెర గల నీరాను 200 మిల్లీలీటర్ల సీసాలో నింపితే అందులో సుమారు 24 గ్రాముల చక్కెర ఉన్నట్లు. అదంతా పులిస్తే సుమారు 12 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. సాధారణ పీడనంలో అది 6 లీటర్లకు మించిన వాయువు. ఏ గాజు సీసా, ఏ మూత దానిని ఆపలేదు. కనుక బీరులో ఈస్టు మడ్డిని సహించవచ్చు గాని, నీరాలో సజీవమైన ఈస్టు మడ్డిని ఏ కొంచెమైనా సహించరాదు. ఇతర మడ్డుల విషయం వేరు.

మడ్డి రకాలు, వాటి పుట్టుక

మొదటిది సున్నపు మడ్డి. పులియకుండా ఉండుటకు లొట్టి లోపల సున్నం పూయడం మన పద్ధతి. తేరుకొన్న నీరాను వడపోసి, మిగిలిన సున్నాన్ని ఆహార యోగ్యమైన ఫాస్ఫారిక్ ఆమ్లంతో విరిచి, మళ్లీ వడపోసి సీసాలలో నింపి, ఆ తరువాత సీసాలను వేడినీటిలో ఉంచి పాశ్చరీకరణ చేయడం సాధారణ క్రమం. నింపినప్పుడు నీరా తేటగానే ఉంటుంది. మడ్డి తరువాత చేరుతుంది. దీనికి కారణం సున్నం స్వభావంలోనే ఉన్నది. చాలా లవణాలు వేడి నీటిలో ఎక్కువగా కరుగుతాయి. సున్నం తక్కువగా కరుగుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు నీటిలో సుమారు 1.7 గ్రాములు కరిగే సున్నం 100 డిగ్రీల సమీపంలో సుమారు 0.7 గ్రాములు మాత్రమే కరుగుతుంది. కాల్షియం ఫాస్ఫేటు కూడా వేడిలోనే ఎక్కువగా విడివడుతుంది. పైగా చక్కెర ద్రావణం మంచినీటికంటె ఎక్కువ సున్నాన్ని తనలో ఇముడ్చుకొంటుంది. చల్లగా వడపోసినప్పుడు కంటికి కనబడని సున్నం, సీసాలో వేడి తగలగానే తెల్లని పొడియై అడుగుకు చేరుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ సోకినా సున్నం కార్బొనేటుగా మారి ఇదే విధంగా అవక్షేపిస్తుంది. ఇది పరిశుభ్రతా లోపం కాదు, పనుల వరుసలో ఉన్న లోపం.

రెండవది మాంసకృత్తుల మడ్డి. నీరాలో కొద్దిపాటి మాంసకృత్తులు ఉంటాయి. గెల కోతనుండి, బెరడు పొడినుండి టానిన్లు చేరుతాయి. పోతుతాడు గెలనుండి పుప్పొడి కూడా రాలుతుంది. వేడి తగిలినప్పుడు ఇవి గడ్డకట్టి లేత గోధుమరంగు తునకలుగా తేలుతూ మెల్లగా దిగుతాయి. రుచిలో మార్పు ఉండదు, వాయువు పుట్టదు.

మూడవది ఈస్టు మడ్డి. మీగడ రంగులో మెత్తగా ఉండి, సీసా వంచగానే పొగవలె లేస్తుంది. అది సజీవమైతే మూత ఉబ్బుతుంది, తీసినప్పుడు బుసకొడుతుంది, చక్కెర శాతం తగ్గి పులుపు పెరుగుతుంది. ఇక్కడ విస్తరణ సిబ్బంది గమనించవలసిన సూక్ష్మం ఒకటి ఉన్నది. ఈస్టు మడ్డి ఉండి వాయువు లేకపోతే, ఆ ఈస్టు పాశ్చరీకరణలో చనిపోయినదని అర్థం. సీసా పగలదు గాని, నింపకముందే నీరా పులియడం మొదలైనదని అది సాక్ష్యమిస్తుంది. లోపం సీసా దగ్గర లేదు. లొట్టి దగ్గరో, చెట్టునుండి కేంద్రానికి పట్టిన సమయంలోనో ఉన్నది.

నాలుగవది జిగురు. ల్యూకొనాస్టాక్ జాతి బాక్టీరియా చక్కెరనుండి డెక్స్ట్రాన్ అనే జిగట పదార్థాన్ని తయారుచేస్తుంది. నీరా తీగలు సాగుతుంది. ఉయ్యూరు, లక్ష్మీపురం చక్కెర కర్మాగారాలకు చెరకు తోలిన రైతులకు, నరికి ఆలస్యమైన చెరకు రసంలో ఇదే దోషం వస్తుందని చెబితే వెంటనే బోధపడుతుంది. ఐదవది సీసా మెడవద్ద వలయంగానో, పైన పొరగానో కనిపించేది. గాలి లేనిదే పెరగని జీవులు అవి. ఘాటైన వెనిగర్ వాసన తోడైతే మూత సరిగా బిగియలేదని నిర్ణయించవచ్చు.

ఆరవది ఈ ప్రాంతానికి ప్రత్యేకం. తీరప్రాంతంలో వాడే గుల్లసున్నంలో సరిగా కాలని గవ్వ తునకలు, ఇసుక ఉండవచ్చు. ఉప్పు, కాఠిన్యం ఎక్కువగా ఉన్న బోరునీటితో కడిగి ఆరబెట్టిన సీసా లోపలి గోడపై తెల్లని మచ్చలు మిగులుతాయి. నీరా ఎంత శుద్ధమైనా సీసా తనతో తెచ్చుకొన్న మడ్డి ఇది.

పరీక్షల వరుస

ఈ ఆరింటిని వేరుచేయడానికి పెద్ద ప్రయోగశాల అవసరం లేదు. వరుస మాత్రం తప్పకూడదు.

ముందు మూతను చూడవలెను. ఉబ్బిన మూత ఉన్న సీసాను చల్లబరచి, గుడ్డ చుట్టి, ముఖానికి దూరంగా ఉంచి మాత్రమే తీయవలెను. ఏ అనుమానిత సీసానైనా రుచి చూచి నిర్ణయించరాదు. రెండవ మెట్టు, సీసాను ఒకసారి తలకిందులు చేసి నిలబెట్టి మడ్డి దిగే తీరును గమనించడం. సున్నం, ఇసుక త్వరగా దిగుతాయి. ఈస్టు, మాంసకృత్తులు నిదానంగా దిగుతాయి. మూడవ మెట్టు, పై తేటను వంచివేసి, మడ్డిని కాచి చల్లార్చిన నీటితో ఒకసారి కడిగి, దానిపై కొద్దిగా వెనిగర్ వేయడం. బుడగలు వచ్చి కరిగితే కార్బొనేటు. బుడగలు లేకుండా కరిగితే సున్నం లేదా ఫాస్ఫేటు. కరగకుండా వేళ్ల మధ్య గరగరలాడితే ఇసుక. కరగకుండా మెత్తగా ఉంటే ఈస్టు లేదా మాంసకృత్తులు. కడగకుండా వెనిగర్ వేస్తే, పులిసిన నీరాలోనే ఉన్న వాయువు బుడగలను చూచి పొరబడే ప్రమాదం ఉన్నది.

నాలుగవ మెట్టు, రిఫ్రాక్టోమీటరుతో బ్రిక్స్ విలువను, కాగితపు పట్టీతో ఉదజని సూచికను చూచి, నింపిన రోజున రాసుకొన్న విలువలతో పోల్చడం. ఆ రోజు రాసుకొనకపోతే ఈ మెట్టు నిరుపయోగం. మెత్తని మడ్డి ఈస్టా, మాంసకృత్తులా అన్న చివరి సందేహాన్ని సూక్ష్మదర్శిని తీరుస్తుంది. 400 రెట్ల వద్ద ఈస్టు కణాలు గుడ్డు ఆకారంలో, కొన్ని మొగ్గలు తొడిగి, స్పష్టంగా కనిపిస్తాయి. మిథిలీన్ బ్లూ వేస్తే చనిపోయినవి నీలిరంగు పొందుతాయి, బ్రతికి ఉన్నవి పొందవు. కోడూరు గీత కార్మికునికి ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రం అందుబాటు దూరంలోనే ఉన్నది. ఒక చుక్క మడ్డిని గాజుపలకపై చూడడానికి పట్టే సమయం పది నిమిషాలు.

కొన్ని అభ్యంతరాలు

ఇంత వివరం గీత కార్మికునికి అవసరమా, ఇంకా సన్నని వడపోత పరికరం ఇస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. వడపోత ఉన్న మడ్డిని తీస్తుంది. తరువాత పుట్టబోయే మడ్డిని తీయలేదు. వేడికి విడివడే సున్నం వడపోసే సమయానికి ద్రవంలో కరిగి ఉంటుంది, ఏ జల్లెడకూ చిక్కదు. దీనికి మందు పరికరం కాదు, పనుల వరుస మార్చడం. సున్నం విరిచిన నీరాను ముందు పెద్ద పాత్రలో వేడిచేసి, మడ్డిని దిగనిచ్చి, వడపోసి, అప్పుడు సీసాలలో నింపవలెను. సీసాలో ఇచ్చే రెండవ వేడి మొదటి వేడిని మించకూడదు. ఈ మార్పుకు అయ్యేది కొంత వంటచెరకు, ఒక పాత్ర.

నిల్వ రసాయనాలు కలిపితే బెడద తీరుతుందన్నది రెండవ అభ్యంతరం. నిల్వ రసాయనం సున్నాన్నీ, ఇసుకనూ, మాంసకృత్తులనూ ఏమీ చేయలేదు. మడ్డి కారణం తెలియకుండా రసాయనం కలపడం రోగం తెలియకుండా మందు మింగించడమే. ఇదే సందర్భంలో మరొక హెచ్చరిక అవసరం. సున్నం విరవడానికి ఎరువుల దుకాణంలో దొరికే సూపర్ ఫాస్ఫేటును వాడే అలవాటు బెల్లం తయారీలో ఉండేది. ఎరువులో ఫ్లోరైడు, భారలోహాల మలినాలు ఉండవచ్చు గనుక పానీయంలో దానికి తావులేదు.

సున్నమే లేకుండా మంచుపెట్టెలో చల్లగా సేకరించడం మేలు కాదా అన్నది మూడవ ప్రశ్న, గౌరవించవలసిన ప్రశ్న. కాసరగోడులోని కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ కొబ్బరి నీరాకు ఈ పద్ధతిని రూపొందించి కల్పరస పేరుతో ప్రచారంలోకి తెచ్చింది. మంచు సకాలంలో దొరికే చోట అది ఉత్తమం. అయితే పొడవైన తాళ్లను వరుసగా ఎక్కి దిగే గీత కార్మికునికి ప్రతి గెలకూ మంచుపెట్టె కట్టడం ఎంతవరకు సాధ్యమో ముందు తేలవలెను. పైగా పద్ధతి మారితే మడ్డి అర్థమూ మారుతుంది. సున్నపు నీరాలో కొద్ది తెల్లపొర సహజం కావచ్చు. మంచు నీరాలో అదే తెల్లపొర ఎవరో సున్నం కలిపారని చెబుతుంది. ఏ పద్ధతి అవలంబించినా పరీక్ష తప్పదు.

మనం చేయవలసినది

మొదటిది, ప్రతి విడతనుండి రెండు సీసాలను సాక్షులుగా పక్కన ఉంచే అలవాటు నేర్పవలెను. ఒకటి చల్లని చోట, ఒకటి గది ఉష్ణోగ్రతలో. గదిలోని సీసా రెండు రోజులలో ఉబ్బితే ఆ విడతను అమ్మకానికి పంపరాదు. రెండవది, ఆహార భద్రతా నిబంధనల ప్రకారం సీసాపై ఎలాగూ వేయవలసిన విడత సంఖ్యకు ఎదురుగా గీసిన వేళ, సున్నం పరిమాణం, బ్రిక్స్, ఉదజని సూచిక, కడిగిన నీటి వనరు అన్న ఐదు వివరాలను రాసే చిన్న పుస్తకం ఉండవలెను. మూడవది, తిరస్కరించిన సీసాలకు కొనుగోలుదారు కారణం రాసి ఇచ్చే ఏర్పాటు ఒప్పందాలలో చేరవలెను. కారణం చెప్పకుండా తిప్పి పంపిన సీసా భారమంతా నేడు చెట్టెక్కినవాని మీదనే పడుతున్నది.

నాలుగవది మన పరిశోధనకు సంబంధించినది. తాటిపై పరిశోధనలు జరిపే పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానం వంటి కేంద్రాలు, ఆహార సాంకేతిక విభాగాల విద్యార్థులు నీరా నిల్వపై పనిచేసేటప్పుడు బ్రిక్స్, ఆమ్లత, సూక్ష్మజీవుల సంఖ్యతో పాటు మడ్డి పరిమాణం, రంగు, దిగే సమయం, ఆమ్లంలో కరిగే గుణం నమోదు చేయడం మంచిది. అట్టి వివరాలు పోగైతే సీసాలో సున్నపు మడ్డి ఎంతవరకు ఆమోదించదగినదో ఒక హద్దు నిర్ణయించవచ్చు. హద్దు లేనిచోట కొనుగోలుదారుని కన్నే ప్రమాణమవుతున్నది.

శిక్షణ పొందినవారికి ఈ విద్య కష్టమవుతుందన్న సంకోచం అనవసరం. లొట్టిలోని నురుగు చూచి, వాసన చూచి, ఏ చెట్టు నీరా ఎంతసేపు నిలుస్తుందో గీత కార్మికుడు ఇప్పటికే చెప్పగలడు. తేట, మడ్డి అన్న మాటలు కూడా ఆయన పనిలోనివే. లొట్టి దగ్గర ఆయనకున్న ఈ తెలివిని సీసా వరకు పొడిగించడమే విస్తరణ పని. తిరిగివచ్చిన సీసాపై వెనిగర్ చుక్క వేసి ఇది సున్నమనీ, ఇది పులిసినది కాదనీ కొనుగోలుదారు ఎదుట స్వయంగా చూపగల గీత కార్మికుడు తన విడతను కాపాడుకొంటాడు. అది ఈస్టు అని తేలినప్పుడు, ఎవరూ అడగకముందే తానే ఆ విడతను ఆపుతాడు.